తూర్పు తీర రైలుమార్గం – చరిత్ర, సేవలు, మన తెలుగువారు

బరంపురంలోని తెలుగు కుటుంబాలలో "మీ పూర్వులు ఇక్కడికి ఎప్పుడు వచ్చారు?" అని అడిగితే సాధారణంగా రెండు రకాల సమాధానాలు వస్తాయి. కొందరు "మేము ఎక్కడినుండీ రాలేదు, తరతరాలుగా ఇక్కడివారమే, రాష్ట్రాల మధ్య గీత మాకు దక్షిణంగా పడింది, అంతే" అంటారు. మరికొందరు "మా తాతగారు రైల్వేలో పనికి కుదిరి వచ్చారు" అంటారు. మొదటివారిని ఆ గీతకు అవతలనున్న బంధువులతో కలిపి ఉంచినది రైలు. రెండవవారిని ఇక్కడికి తెచ్చినదీ రైలే. కనుక మన పాఠశాల ప్లాటినం జూబిలీ జరుపుకుంటున్న ఈ శుభసమయంలో, ఊరి పక్కగా సాగిపోయే ఆ ఇనుపదారి చరిత్రను ఒకసారి స్మరించుకోవడం సముచితమని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాను. మన పాఠశాల పుట్టేనాటికే ఆ మార్గానికి అర్ధశతాబ్దపు వయస్సు నిండింది. అది మనకంటె పెద్దది, మనకు సాక్షి కూడాను.

రైలు రాక పూర్వం

దక్షిణ భారతదేశంలో మొదటి రైలు 1856 జూలై 1వ తేదీన మద్రాసు రాయపురం నుండి వాలాజా రోడ్డు వరకు నడిచినది. ఆ తరువాత మద్రాసు నుండి పడమటికీ, వాయవ్యానికీ పట్టాలు పడినవి గాని, ఉత్తరంగా సర్కారు జిల్లాలవైపు మాత్రం నాలుగు దశాబ్దాల దాకా రాలేదు. బెజవాడకు సైతం రైలు మొదట వచ్చినది మద్రాసు నుండి కాదు, నైజాం రాజ్యం నుండి, 1889లో.

అంతవరకు ఈ తీరానికి మూడే దారులు. గోదావరి, కృష్ణా కాలువలలో పడవ ప్రయాణం ఒకటి, ఎడ్లబండ్లు నడిచే ట్రంకు రోడ్డు రెండవది, సముద్రం మూడవది. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవులలో ఓడలు ఆగేవి. గంజాం జిల్లా ధాన్యం, నూనెగింజలు ఆ రేవులనుండే ఎగుమతి అయ్యేవి. పూరీ జగన్నాథుని దర్శించగోరిన భక్తుడు నెలల తరబడి కాలినడకన పోవలసి వచ్చేది. దారిలో కలరా సోకి తిరిగి రానివారెందరో!

క్షామం నేర్పిన పాఠం

1866లో ఒరిస్సాను మహాక్షామం కబళించినది. సుమారు పది లక్షలమంది ప్రజలు మరణించారని అంచనా. మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా కూడా ఆ కాటకంలో తీవ్రంగా నలిగిపోయినది. వానాకాలం రాగానే రోడ్లు మునిగి, సముద్రం పొంగి ఓడలు ఒడ్డుకు చేరలేకపోవడం చేత, ఇతర ప్రాంతాలలో ధాన్యం ఉండికూడా ఆకలిగొన్న వారికి అందలేదు. తదుపరి జరిగిన విచారణలో ఈ రవాణా లోపమే ప్రధానంగా బయటపడినది. 1876–78 నాటి దక్షిణదేశ క్షామం తరువాత నియమితమైన క్షామ సంఘం 1880లో, కాటకాలను ఎదుర్కొనడానికి రైలుమార్గాలను విస్తరించవలెనని సిఫారసు చేసినది.

పదిహేనేండ్లు తిరుగక ముందే మరొక దుర్ఘటన జరిగినది. 1887 మే నెలాఖరున కలకత్తానుండి పూరీ యాత్రికులతో బయలుదేరిన 'సర్ జాన్ లారెన్స్' అను ఆవిరి ఓడ తుఫానులో చిక్కి ఒరిస్సా తీరాన మునిగిపోయినది. 700 మందికి పైగా జలసమాధి అయినారు. వారిలో అధిక సంఖ్యాకులు స్త్రీలు. పూరీకి రైలు కావలెననే కోరిక ఆ విషాదంతో ఇంకా బలపడినది. మరుసటి సంవత్సరాలలో గంజాంలో తిరిగి కరవు వచ్చినది. ఈ మార్గపు పునాదులలో ఇన్ని ప్రాణాల కథ ఇమిడి ఉన్నదని మన పిల్లలు తెలుసుకొనవలెను.

నిర్మాణ ఘట్టం

'ఈస్టు కోస్టు స్టేట్ రైల్వే' పేరిట ప్రభుత్వమే నిర్మాణానికి పూనుకొన్నది. బెజవాడనుండి కటకం వరకు, ఎనిమిదివందల కిలోమీటర్లకు పైబడిన పెద్దగేజి మార్గం, 1893 – 1896 సంవత్సరాల మధ్య భాగాలు భాగాలుగా రాకపోకలకు తెరవబడినది. ఖుర్దా రోడ్డు నుండి పూరీకి పోయే శాఖ 1897 ఫిబ్రవరి 1వ తేదీన మొదలైనది.

పటం తెరిచి చూస్తే ఆ పని ఎంతటిదో అర్థమగును. ఒక ప్రక్క తూర్పు కనుమలు, మరొక ప్రక్క సముద్రం. కనుమలలో పుట్టిన ప్రతి నదీ ఈ మార్గాన్ని అడ్డంగా కోసుకొంటూ సముద్రంలో కలుస్తుంది. శారదా, గోస్తనీ, చంపావతి, నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా, ఋషికుల్య – ఒకదాని వెంట ఒకటి. వేసవిలో ఇసుకమేటలుగా కనిపించే ఈ నదులే వానాకాలంలో ఒక్క రాత్రిలో ఒడ్లు దాటి పారుతాయి. రంభ నుండి బాలుగావ్ మీదుగా కాలుపడాఘాట్ వరకు కొండలకు, చిలకా సరస్సుకు నడుమ మిగిలిన సన్నని నేలమీద పట్టాలు పరచవలసి వచ్చినది. నేడు మనం కిటికీ ప్రక్కన కూర్చుండి చిలకా అందాలను చూసి మురిసిపోయే చోటు, ఆనాటి కూలీలకు బురదలో మట్టి మోసిన చోటు. ఆ కూలీలలో తెలుగువారు, ఒడియావారు, సవరలు భుజం భుజం కలిపి పనిచేశారు. వారి పేర్లు ఏ శిలాఫలకం మీదనూ లేవు.

వంతెనలే వారధులు

పట్టాలు ముందే పడినా పెద్ద నదుల వంతెనలు పూర్తి కావడానికి మరికొంత కాలం పట్టినది. గోదావరి దగ్గర రైలు ఈ ఒడ్డున ఆగిపోయేది. ప్రయాణికులు పడవలో అవతలి ఒడ్డుకు చేరి మరొక రైలు ఎక్కవలసి వచ్చేది. రాజమహేంద్రవరం వద్ద 1897లో ఆరంభమైన వంతెన 56 ఖానాలతో, రెండున్నర కిలోమీటర్లకు మించిన పొడవుతో 1900లో పూర్తయినది. హేవ్‌లాక్ వంతెనగా పేరొందిన ఆ కట్టడం 1997 వరకు, అనగా దాదాపు ఒక శతాబ్దంపాటు, రైళ్ళను మోసి విశ్రాంతి తీసుకొన్నది. 1974లో రోడ్డు, రైలు రెండూ ఉన్న రెండవ వంతెన, 1997లో ధనురాకారపు మూడవ వంతెన దానికి తోడుగా వచ్చినవి.

ఉత్తరాన బెంగాల్ నాగపూర్ రైల్వే కటకం నుండి ఖరగ్‌పూర్ వరకు మార్గం నిర్మించినది. దక్షిణాన 1899లో బెజవాడ, మద్రాసు కలిసినవి. 1900 ఏప్రిల్‌లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన తెరవడంతో ఖరగ్‌పూర్ హౌరాతో జతపడినది. ఆ విధంగా 20వ శతాబ్దం ఆరంభమయ్యేసరికి మద్రాసు, కలకత్తా నగరాలు తీరం వెంబడి ఏకమార్గమైనవి. నేటి మద్రాసు మెయిలు ఆ నాటి నుండి సాగుతున్న వారసత్వమే.

చేతులు మారిన మార్గం

ప్రభుత్వం నిర్మించిన మార్గాన్ని ప్రభుత్వమే చిరకాలం నడపలేదు. వాల్తేరుకు దక్షిణ భాగం 1901లో మద్రాసు రైల్వేకు, ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేకు అప్పగింపబడినవి. 1908లో మద్రాసు రైల్వే 'మద్రాసు అండ్ సదరన్ మరాఠా' రైల్వేలో కలిసినది. రెండు కంపెనీలకు వాల్తేరు కూడలి అయినది. వాల్తేరు ఆనాటి నుండి రైల్వే పట్టణంగా పెరిగినది. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తి కావడం, 1933లో విశాఖ రేవు తెరవడం ఆ పెరుగుదలకు మరింత ఊతమిచ్చినవి.

1944లో బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రభుత్వపరమైనది. స్వాతంత్ర్యానంతరం 1952లో తూర్పు రైల్వేలో, 1955 ఆగస్టులో ఆగ్నేయ రైల్వేలో మన భాగం చేరినది. వాల్తేరుకు దక్షిణ భాగం తొలుత దక్షిణ రైల్వేలోను, పిదప 1966లో ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేలోను ఉన్నది. భువనేశ్వర్ కేంద్రంగా తూర్పు తీర రైల్వే 2003 ఏప్రిల్ 1 నుండి పూర్తిగా పనిచేయ మొదలుపెట్టినది. శతాబ్దం తరువాత పాత 'ఈస్టు కోస్టు' పేరు మరల వెలుగులోకి వచ్చినది.

మహారాజావారి చిన్నబండి

ఈ సందర్భంలో పర్లాకిమిడి చిన్నబండిని తలచుకొనకపోతే కథ అసంపూర్ణమగును. ప్రధాన మార్గం తమ రాజధానికి దూరంగా నౌపడ మీదుగా పోవడం చూచి, పర్లాకిమిడి సంస్థానాధీశులు తమ ఖర్చుతో నౌపడ నుండి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల గేజితో చిన్న రైలుమార్గం వేయించారు. సుమారు 40 కిలోమీటర్ల ఆ మార్గం 1900లో ప్రారంభమైనది. మొదటి సంవత్సరాలలో నష్టాలే వచ్చినా సంస్థానం వెనుదీయలేదు. 1930 ప్రాంతాలలో అది గుణుపురం వరకు సాగినది.

నౌపడ ఉప్పు కొండప్రాంతాలకు, కొండప్రాంతపు చింతపండు, పసుపు, అడవి సరుకులు మైదానానికి ఆ చిన్నబండిపైనే చేరేవి. అది ఎంత నెమ్మదిగా నడిచేదంటే, తప్పిపోయినవాడు తరువాతి మలుపులో పరుగెత్తి ఎక్కవచ్చునని మా చిన్నతనంలో పెద్దలు పరిహాసమాడేవారు. 2004 జూన్‌లో ఆ చిన్నబండి ఆఖరిసారి నడిచినది. గేజి మార్పిడి పిమ్మట 2010లో పర్లాకిమిడికి, 2011లో గుణుపురానికి పెద్దబండి వచ్చినది. ప్రయాణం సులభమైనది. కాని ఆ ఆవిరి ఇంజను కూత విన్న చెవులు దానిని మరువలేవు.

మార్గం తెచ్చినది, తీసుకొనిపోయినది

రైలు వలన మేలు జరుగలేదని ఎవరూ అనలేరు. కాని చరిత్ర వ్రాసేటప్పుడు తూకం రెండు తట్టలనూ చూడవలెను. రైలు వచ్చిన కొలదికాలంలోనే తీరపు రేవులు కళ తప్పినవి. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమునిపట్నం వర్తకులు తమ కొట్లను స్టేషనులున్న ఊళ్ళకు మార్చుకొన్నారు. ఒరిస్సాలో ఎంతో ధనం వెచ్చించి త్రవ్విన తీరపు కాలువలో పడవలు తగ్గిపోయినవి. గోదావరి ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్ దొర, దేశానికి రైళ్ళకంటె ముందు నౌకాయానానికి పనికివచ్చే కాలువలు కావలెనని జీవితాంతం వాదించాడు. రమేశచంద్ర దత్తు కూడా నీటిపారుదలను ఉపేక్షించి రైళ్ళపై ధనం కుమ్మరించడాన్ని విమర్శించాడు. రైలు క్షామంలో ధాన్యం తెచ్చునన్నది నిజమే. ధర పలికినచోటికి పంటను తీసుకొనిపోవునన్నదీ నిజమే.

రైలు మనుష్యులను కూడా తీసుకొనిపోయినది. ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే కర్మాగారం ఏర్పడిన పిమ్మట శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల తెలుగువారు వేలాదిగా అక్కడికి చేరి స్థిరపడ్డారు. హుగ్లీ తీరపు జనపనార మిల్లులకు వెళ్ళినవారు మరెందరో. ఖుర్దా రోడ్డు పక్కనున్న జట్నీలో తెలుగు వీధులు ఏర్పడినవి. బర్మాకు పోదలచినవారు మాత్రం గోపాల్‌పూర్‌లో ఓడ ఎక్కేవారు. 1942లో జపాను దాడితో ఆ దారి మూతపడినది. అదే సంవత్సరం ఏప్రిల్ 6వ తేదీన విశాఖ, కాకినాడలపై బాంబులు పడినప్పుడు, తీరం వదలి లోపలి ఊళ్ళకు పోయే ప్రజలకు రైళ్ళే దిక్కైనవి.

కార్మికుల గొంతు – మన గిరిగారు

రైల్వే కార్మికుల చరిత్రలో మన ఊరివారికి విశిష్ట స్థానం కలదు. 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించిన వరాహగిరి వెంకటగిరిగారు ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి తిరిగివచ్చి, రైల్వే కార్మికులను సంఘటితం చేయడానికి నడుం కట్టారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకులలో ఆయన ఒకరు. దీర్ఘకాలం దాని ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనివారిని తొలగించినప్పుడు 1928లో ఆయన నాయకత్వంలో అహింసాయుతంగా సమ్మె సాగినది. ఆయన 1969లో రాష్ట్రపతి అయినారు. ఇనుపదారి పక్క ఊరిలో పుట్టిన బిడ్డ ఆ దారి పనివారి పక్షాన నిలిచి దేశపు అత్యున్నత పీఠం అధిష్ఠించడం మనకెల్లరకు గర్వకారణం.

గీత పడిన తరువాత

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనది. గంజాం జిల్లా రెండు ముక్కలైనది. బరంపురం, ఛత్రపురం ఇవతల, ఇచ్ఛాపురం, సోంపేట అవతల మిగిలినవి. కాగితంమీద గీత పడినదే గాని పట్టాలు తెగలేదు. ఉదయం ప్యాసింజరులో ఇచ్ఛాపురం నుండి కూరగాయల గంపలు బరంపురం బజారుకు వస్తూనే ఉన్నవి. పెళ్ళిసంబంధాలు విజయనగరం దాకా సాగినవి. మరొక విశేషం – రాష్ట్రాల సరిహద్దు ఇచ్ఛాపురం దగ్గరైతే, ఖుర్దా రోడ్డు డివిజను సరిహద్దు పలాస దగ్గర. గీతలు గీసేవారు ఎన్ని ఉన్నా, నడిచే బండికి ఒకే దారి.

ఇచ్చట నా స్వవిషయం కొంత చెప్పుటకు పాఠకులు మన్నింతురు గాక. మా నాయనగారు ఈ మార్గంమీద గ్యాంగ్‌మన్. వానాకాలపు రాత్రులలో లాంతరు, ఎర్రజెండా, పట్టాలమీద ఉంచే టపాకాయ సంకేతాలు సంచిలో పెట్టుకొని మైళ్ళ తరబడి నడిచేవారు. గట్టు కోసుకుపోయినదేమో, పట్టా క్రింద రాయి కదిలినదేమో చూడడమే ఆయన పని. అమ్మ తలుపు గడియ వేయక మేలుకొని ఉండేది. తెల్లవారి మెయిలు క్షేమంగా పోయిన చప్పుడు విన్న తరువాతనే పొయ్యి వెలిగించేది. ఆయనకు సంతకం తప్ప చదువు లేదు. "బండి ఎందరినో మోస్తున్నది, నిన్ను చదువు మోయాలిరా" అని నన్ను మన పాఠశాలలో చేర్చారు.

తెలుగు పాఠ్యపుస్తకాలు మాకు దక్షిణం నుండి రైల్వే పార్సిలులోనే వచ్చేవి. ఒక సంవత్సరం పార్సిలు ఏదో స్టేషనులో చిక్కుకొని, అర్ధసంవత్సర పరీక్షల ముందు గాని రాలేదు. అంతవరకు మా మాష్టారు బోర్డుమీద పాఠం మొత్తం వ్రాసి మాచేత ఎత్తి వ్రాయించారు. పుస్తకాలు వచ్చిన రోజున మేము పదిమందిమి స్టేషనుకు పోయి, కట్టలు నెత్తిన పెట్టుకొని ఊరేగింపుగా తెచ్చాము. రాష్ట్రం మారినా మాతృభాషను నిలుపుకొనడం ఎంత శ్రమో ఆనాడు నాకు తెలిసినది.

తుఫానులు, దుర్ఘటనలు

ఈ తీరపు మార్గానికి సముద్రుడే పరీక్షాధికారి. 1999 అక్టోబరు మహాతుఫాను, 2013లో గోపాల్‌పూర్ సమీపాన తీరం దాటిన ఫైలిన్, 2014లో విశాఖను అతలాకుతలం చేసిన హుద్‌హుద్, 2018లో ఉద్దానం కొబ్బరితోటలను నేలకూల్చిన తిత్లీ, 2019లో పూరీని తాకిన ఫణి – ప్రతిసారీ రైళ్ళు ఆగినవి, మరల పట్టాలకెక్కినవి. ముందస్తు హెచ్చరికలు మెరుగుపడి, రైళ్ళను సకాలంలో నిలిపివేయడం వలన ప్రాణనష్టం తగ్గినది.

అయితే మనిషి పొరపాటుకు మాత్రం ఇంకా మందు దొరకలేదు. 2023 జూన్ 2వ తేదీన బాలాసోర్ జిల్లా బహనాగా బజార్ వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సును ఢీకొనగా, 290 మందికి పైగా అసువులు బాసారు. సిగ్నలు తీగల పనిలో జరిగిన లోపాలే కారణమని విచారణలో తేలినది. అదే ఏడాది అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద పలాస ప్యాసింజరును రాయగడ ప్యాసింజరు వెనుకనుండి ఢీకొనగా 14 మంది మరణించారు. లాంతరుతో నడిచిన గ్యాంగ్‌మన్ శ్రద్ధకు యంత్రం తోడు కావలెను గాని ప్రత్యామ్నాయం కాజాలదని ఈ దుర్ఘటనలు హెచ్చరిస్తున్నవి.

నేటి రూపం, సేవలు

1977 మార్చిలో ప్రారంభమైన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఈ మార్గానికి వేగం నేర్పినది. 2005 నాటికి హౌరా–చెన్నై ప్రధాన మార్గమంతా విద్యుదీకరింపబడినది. 2023లో సికింద్రాబాద్–విశాఖ, హౌరా–పూరీ మధ్య వందే భారత్ రైళ్ళు వచ్చినవి. 2019లో విశాఖ కేంద్రంగా ప్రకటింపబడిన దక్షిణ తీర రైల్వే కొరకు పాత వాల్తేరు డివిజనును విభజించి, ఒక భాగాన్ని విశాఖపట్నం డివిజనుగాను, మరొక భాగాన్ని రాయగడ డివిజనుగాను చేయుటకు 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించినది.

లెక్కలకు అందని సేవలు మరికొన్ని ఉన్నవి. సోంపేట, పలాసల నుండి రోగులు బరంపురం వైద్యకళాశాల ఆసుపత్రికి ఈ బండ్లలోనే వస్తారు. చిలకా చేపలు, పలాస జీడిపప్పు, బరంపురం పట్టుచీరలు ఈ దారినే దేశం చుట్టివస్తాయి. ఇక్కడివారు అన్నవరం, సింహాచలం, తిరుపతులకు, అక్కడివారు పూరీకి సాగించే యాత్రలకు ఇదే రథం. 2020 మే నెలలో, సూరత్ మగ్గాలు ఆగిపోయి దిక్కుతోచక నిలిచిన గంజాం బిడ్డలను ప్రత్యేక రైళ్ళు ఇంటికి చేర్చినవి. పొట్టకూటికి తీసుకొనిపోయిన దారే ఆపదలో ఇంటికి తెచ్చినది.

మన కర్తవ్యం

నేడు మన పూర్వ విద్యార్థులు హైదరాబాదులో, బెంగుళూరులో, విదేశాలలో ఉన్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని తెలుగు మాధ్యమంలో చేరే పిల్లల సంఖ్య ఏటేటా తగ్గుతున్నదనే సత్యాన్ని ఈ సంచికలో దాచుకొనడం న్యాయం కాదు. చిన్నబండి ఆగిపోయినప్పుడు మనమందరం చింతించాము. అంతకు ముందు పదేండ్లలో దానిని ఎక్కినవారము ఎందరము? పాఠశాల విషయంలో ఆ చింతకు అవకాశం ఇవ్వరాదు.

నాదొక మనవి. మన ఊరి రైల్వే కుటుంబాలలో పాత పాసులు, సేవాపత్రాలు, ఛాయాచిత్రాలు, లాంతర్లు ఇంకా మిగిలి ఉన్నవి. వృద్ధుల జ్ఞాపకాలు అంతకంటె విలువైనవి. వాటిని మన పిల్లలచేత సేకరింపజేసి, తెలుగులో వ్రాయింపజేసి, పాఠశాల గ్రంథాలయంలో ఒక బీరువాలో భద్రపరుచుదము. ఏ శిలాఫలకానికీ ఎక్కని పేర్లు అప్పుడైనా ఒక చోట నిలుస్తాయి. తాత చేతి లాంతరు గురించి మనుమడు తన భాషలో పది వాక్యాలు వ్రాయగలిగిననాడు, ఆ పాత పార్సిలు కట్టలను నెత్తిన మోసిన మా శ్రమ ఫలించినట్లే.

ఈ ఇనుపదారి, ఈ పాఠశాల రెండూ మరెన్నో తరాలకు సేవ చేయుగాక!